మాట, బాస, మొక్కు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వాగ్దానం

ఇకముందు ఒక పని చేస్తాననో, చేయననో ఒకరు మరొకరికి మాట ఇవ్వడం వాగ్దానం. ఆ మాటను నమ్మి ఎదుటివారు తమ పనులు సర్దుకుంటారు, గడువు వచ్చాక నిలదీసి అడిగే హక్కు పొందుతారు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు, వాటి చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, హొళగుంద, ఆలూరు, మంత్రాలయం మండలాలు పత్తి వ్యాపారానికి, చేనేతకు, వలస కూలికి, జాతరలకు పేరుపడ్డవి. ఈ నాలుగూ చాలావరకు నోటిమాట మీద నడుస్తాయి. కన్నడ సరిహద్దు కావడంతో తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడేవారి ఆచారాలు ఇక్కడ కలగలిసి ఉంటాయి.

ఈ ప్రాంతపు వాగ్దానాలన్నిటిలో సామాన్యంగా కనిపించే లక్షణం సాక్ష్యం. మాట ఇచ్చినవాడి మనసులో ఏముందో ఎవరూ అడగరు. ఎవరి ఎదుట ఇచ్చాడు, దేన్ని ముట్టి ఇచ్చాడు, ఏ గడువుకు ఇచ్చాడు అనేవే లెక్కకు వస్తాయి. పాలు, తాంబూలం, తుండుగుడ్డ, రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితం ఈ సాక్ష్యానికి వేర్వేరు రూపాలు.

నిర్వచనం, పరిధి

ఉద్దేశం వేరు, వాగ్దానం వేరు. వచ్చే ఏడు బోరు వేయిస్తానని ఇంట్లో అనుకోవడం ఉద్దేశం. బోరు వేసే బండివాడికి డబ్బు కట్టి తేదీ చెప్పడం వాగ్దానం. మొదటిది మార్చుకుంటే ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. దైవాన్ని గాని, ప్రాణసమానమైనవారిని గాని సాక్షిగా పెట్టి చెప్పేది ఒట్టు, లేదా ఆన. దైవానికే ఇచ్చే షరతుతో కూడిన మాట మొక్కు. ఫలానా పని జరిగితే ఫలానాది సమర్పిస్తానన్నది దాని రూపం. తనకు తాను పెట్టుకునే గడువు గల నియమం దీక్ష. మరొకరి మాటకు తాను బాధ్యత వహించడం పూచీ, కోర్టు భాషలో జామీను. పలువురు కలిసి ఒకే నియమానికి కట్టుబడడం బాస, లేదా కట్టుబాటు.

చారిత్రక నేపథ్యం

విజయనగర కాలపు దానశాసనాలు ఈ ప్రాంతంలో వాగ్దానానికి పాత లిఖిత సాక్ష్యాలలో చేరతాయి. దానం చేసిన భూమి, హద్దులు, పుచ్చుకున్నవారి పేర్లు రాశాక చివర శాపోక్తులు ఉంటాయి. దానాన్ని హరించినవారికి కాశీలో గోవును చంపిన పాపం తగులుతుందన్నది వాటిలో తరచుగా కనిపించేది. తాను ఇచ్చిన దానికంటే ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడడం రెట్టింపు పుణ్యమనే భావం కూడా శాసనాల్లో పదేపదే వస్తుంది. ఇచ్చినవాడు పోయినా, రాజ్యం మారినా మాట నిలవాలన్నదే దీని ఆంతర్యం. అమలు చేయించే కోర్టు లేని చోట వారసులను కట్టడి చేయడానికి శాపాన్ని మించిన సాధనం అప్పట్లో లేదు.

దీనికి దగ్గరి ఉదాహరణ మంత్రాలయం. బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల (నేటి మంత్రాలయం) గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చాడు. స్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. ఈ దానం వెనుక దివాను వెంకన్న కథ ప్రచారంలో ఉంది. చదువురాని కుర్రవాడైన వెంకన్నకు స్వామి కష్టకాలంలో తనను తలచుకోమని మాట ఇచ్చారట. దారిన పోతున్న నవాబు ఒక లేఖ చదివిపెట్టమని బలవంతం చేసినప్పుడు అతను తలచుకోగా అక్షరాలు వచ్చాయని, ఆ తర్వాత దివాను పదవి దక్కిందని ఐతిహ్యం. ఏడు వందల ఏళ్లు బృందావనంలో ఉండి భక్తులను కాపాడతానని స్వామి చెప్పినట్లు మఠ సంప్రదాయం చెబుతుంది. గడువు అంకెతో సహా చెప్పిన వాగ్దానం కావడం దీని ప్రత్యేకత.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. అలా దక్కిన దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో మంచాల ఇనామును రద్దు చేసే విషయమై విచారణకు వచ్చి, స్వామితో మాట్లాడి, దానాన్ని కొనసాగించాడన్న ఐతిహ్యం జిల్లా గెజిటీరుకు కూడా ఎక్కింది. అద్భుతాన్ని పక్కన పెట్టినా, పాత రాజు ఇచ్చిన మాట కొత్త ప్రభుత్వాన్ని కట్టిపడేస్తుందా అన్న శాసనకాలపు ప్రశ్నే ఈ కథలో మళ్లీ ఎదురవుతుంది.

మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ విధానం వాగ్దానాన్ని కాగితం మీదకు తెచ్చింది. సర్కారు రైతుకు పట్టా ఇచ్చేది. రైతు ఇంత శిస్తు కడతానని ముచ్చిలిక రాసిచ్చేవాడు. అంతకుముందు ఊరి పెద్దలో, పాలెగారో ఊరంతటి తరఫున ఒప్పుకునే చోట్ల ఇప్పుడు ఒక్కొక్క రైతు విడివిడిగా సర్కారుకు బాధ్యుడయ్యాడు. వానలు తప్పిన ఏడాది శిస్తు మాఫీ కోసం రైతు అధికారి దయ మీద ఆధారపడవలసి వచ్చింది. వాగ్దానం ఇద్దరిదే అయినా, పాటించలేకపోతే నష్టం మాత్రం ఒకరి వైపే ఉండేది.

ఒట్టు, ఆన (విడుదల కూడా చూడండి)

రోజువారీ మాటల్లో ఒట్టు చాలా తేలికగా దొర్లుతుంది. గట్టి ఒట్టు మాత్రం అరుదు. దొంగతనం, పొలంగట్టు, బాకీ వంటి తగాదాల్లో సాక్ష్యం దొరకనప్పుడు ఊరి పెద్దలు గుడిలో ప్రమాణం అడుగుతారు. తలస్నానం చేసి తడిబట్టలతో దేవుడి ఎదుట నిలబడడం, దీపం ఆర్పడం, కర్పూరం ముట్టడం దీనిలోని రూపాలు. చిత్తూరు జిల్లా కాణిపాకం వినాయకుడు ప్రమాణాల దేవుడిగా రాయలసీమ అంతటా ప్రసిద్ధుడు. అక్కడికి రమ్మని పిలవగానే చాలా తగాదాలు తీరిపోతాయని చెబుతారు. ముస్లిములు ఖురాన్ సాక్షిగా ప్రమాణం చేస్తారు. పీర్ల చావిడి ఎదుట హిందువులు చేసే ప్రమాణాలు కూడా ఈ వైపు ఊళ్లలో కొత్త కాదు.

ఈ పద్ధతిని ఒకప్పుడు కోర్టులు కూడా ఒప్పుకున్నాయి. 1873 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం, ఎదుటి కక్షిదారు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే తాను కట్టుబడతానని ఒకరు ఒప్పుకొని, అవతలివారు అలాగే ప్రమాణం చేస్తే, ఆ సాక్ష్యమే ఆ విషయంలో తిరుగులేని రుజువయ్యేది. 1969లో వచ్చిన కొత్త చట్టం ఈ ఏర్పాటును తీసేసింది.

మొక్కు, ముడుపు

మొక్కులో పని ముందు దేవుడిది, చెల్లింపు తర్వాత మనిషిది. వాన, సంతానం, పశువుల జబ్బు, కోర్టు వ్యాజ్యం, ఇటీవల పిల్లల ఉద్యోగం సాధారణంగా మొక్కుకు కారణాలు. పసుపు గుడ్డలో నాణేలు కట్టి దేవుడి పటం దగ్గర పెట్టే ముడుపు, మొక్కును మరిచిపోకుండా కళ్లెదుట ఉంచే గుర్తు. పని జరిగేదాకా దాన్ని విప్పరు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ డబ్బు ముట్టరు.

కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్న స్వామి క్షేత్రం ఈ ప్రాంతపు మొక్కులకు ప్రధాన స్థానం. శ్రావణ మాసమంతా కర్ణాటక, తెలంగాణల నుంచి కూడా భక్తులు వచ్చి తలనీలాలు ఇచ్చి, నైవేద్యాలు వండి మొక్కు తీర్చుకుంటారు. ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడి, ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి గుడి ఇటువంటివే. మొహర్రంలో పీర్లకు మొక్కుకునేవారిలో హిందువులు చాలామంది ఉంటారు. తల్లి మొక్కుకొని తీర్చకుండా పోతే కొడుకు తీర్చాలన్నది సాధారణ నమ్మకం. కాబట్టి మొక్కు బాకీలాగే వారసత్వంగా దిగుతుంది.

పాలబాస (బన్ని ఉత్సవం, దేవరగట్టు కూడా చూడండి)

హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి గుడి ఉంది. విజయదశమి రాత్రి ఇక్కడ జరిగే బన్ని ఉత్సవాన్ని పత్రికలు కర్రల సమరం అని పిలుస్తాయి. ఉత్సవ విగ్రహాలను తమవైపు తీసుకుపోవాలని కొన్ని ఊళ్లవారు, కాపాడుకోవాలని నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవారు కర్రలతో తలపడతారు. ఏటా పలువురు గాయపడతారు. ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. ఈ ఉత్సవం గురించి రాసేవారు ఎక్కువగా కర్రల దగ్గరే ఆగిపోతారు. వాగ్దాన చరిత్రకు పనికివచ్చేవి మాత్రం దీనిలో రెండు అంశాలు.

మొదటిది పాలబాస. ఉత్సవానికి ముందు మూడు ఊళ్ల పెద్దలు, పూజారులు, యువకులు ఒకచోట చేరతారు. పాలను ముట్టి, తమలో తమకున్న పాత కక్షలు పక్కన పెడతామని, ఉత్సవం ముగిసేదాకా ఒక్కటిగా ఉంటామని, స్వామి విగ్రహాలను క్షేమంగా తిరిగి గుడికి చేరుస్తామని బాస చేస్తారు. బాస చేశాక కొండ మీదికి కదులుతారు. అర్ధరాత్రి స్వామి కల్యాణం, దివిటీల వెలుగులో విగ్రహాల ఊరేగింపు, దారి పొడవునా కర్రల తాకిడి జరుగుతాయి. ఉత్సవ దినాల్లో మాంసం, మద్యం ముట్టకపోవడం, చెప్పులు వేసుకోకపోవడం దీక్షలో భాగం. పొలం దగ్గరో, ఎన్నికల్లోనో ఏడాదంతా మాటలు లేని రెండిళ్లవారు ఆ రాత్రి పక్కపక్కన నిలబడవలసి వస్తుంది. అవతలి ఊళ్లవారిని శత్రువులని ఎవరూ అనరు. తెల్లవారాక వారితో చుట్టరికాలూ, వ్యవహారాలూ మామూలే.

రెండోది రక్షపడ అనే చోట జరిగే తంతు. మణి, మల్లాసురులనే రాక్షసులను స్వామి సంహరించినప్పుడు, వారు ఏటా పిడికెడు రక్తం కావాలని కోరారని, స్వామి ఒప్పుకున్నాడని స్థలపురాణం. ఆ మాట చెల్లించడానికి గొరవయ్య తన తొడ నుంచి రక్తం తీసి అక్కడ సమర్పిస్తాడు. చంపిన శత్రువుకు ఇచ్చిన మాట, అదీ దేవుడు ఇచ్చినది, దాన్ని తీర్చేది మాత్రం తరతరాలుగా ఒక మనిషి ఒళ్లు. ఆ తర్వాత విగ్రహాలు శమీవృక్షం మీదుగా బసవన్న గుడికి చేరతాయి. అక్కడ పూజారి రాబోయే ఏడాది వానలు, పంటల ధరల గురించి భవిష్యవాణి చెబుతాడు. ఆదోని పత్తి వ్యాపారులు కూడా ఆ మాట కోసం చెవులు రిక్కిస్తారు.

ఈ బాసకు పోటీగా ప్రభుత్వం కూడా ఏటా ఒక బాస అడుగుతుంది. దసరాకు ముందు పోలీసు, రెవెన్యూ అధికారులు ఊళ్లలో శాంతి సమావేశాలు పెట్టి, ఇనుప తొడుగుల కర్రలు వాడబోమని, తాగి రాబోమని మాట తీసుకుంటారు. పాలబాస నిలిచినంతగా ఈ మాట నిలవడం లేదు. ఒకటి ఊరు తనకు తాను ఇచ్చుకున్నది, రెండోది పై నుంచి అడిగించుకున్నది కావడమే దీనికి కారణమని చెప్పవచ్చు.

బేరం, బయానా

పశువుల సంతలో బేరం తుండుగుడ్డ కింద జరుగుతుంది. కొనేవాడు, దలారి ఒకరి చేయి మరొకరు పట్టుకొని, గుడ్డ కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ జనం ఉన్నా అంకె ఎవరికీ తెలియదు. ధర కుదిరాక పలుపుతాడు చేతికిచ్చి కొంత డబ్బు బయానాగా పుచ్చుకుంటే మాట ఖాయం. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరకు వచ్చే ఒంగోలు ఎడ్ల బేరాలు ఈ పద్ధతిలోనే నడిచేవి. కొన్నవాడు వెనక్కు తగ్గితే బయానా పోతుంది. అమ్మినవాడు తప్పితే బయానా తిరిగి ఇవ్వడంతో పాటు దలారి దగ్గర పరపతి పోతుంది. వచ్చే ఏడు అతని ఎడ్లను అదే దలారి మెచ్చుకోవాలి కాబట్టి ఈ రెండో శిక్షే పెద్దది.

ఆదోని వ్యవసాయ మార్కెట్ యార్డులో ప్రధాన సరుకులు పత్తి, వేరుశనగ. పత్తి వ్యాపారం వల్ల ఆదోనిని రెండో బొంబాయి అనేవారు. ఇక్కడ రైతుకు, కొనుగోలుదారుకు నడుమ కమీషన్ ఏజెంటు ఉంటాడు. విత్తనాలకు, ఎరువులకు, ఇంట్లో పెళ్లికి అతను ముందుగా డబ్బు ఇస్తాడు. పంట తన మండీకే తెస్తానని రైతు మాట ఇస్తాడు. ఈ మాటకు కాగితం ఉన్నా లేకున్నా ఫలితం ఒకటే. ధర మరోచోట బాగున్నా సరుకు అక్కడికే చేరుతుంది. యార్డులో కుప్పలకు టెండర్లు వేస్తారు. ధర పలికాక తూకం దగ్గర తేమ ఉందనో, పై పత్తి ఒకటి లోపలి పత్తి ఒకటని చెప్పో ధర తగ్గించడం రైతుల పాత ఫిర్యాదు. కుప్ప కింద నాసిరకం పెట్టారన్నది వ్యాపారుల ఫిర్యాదు. టెండరు ఒక వాగ్దానమే అయినా, ఏ సరుకుకు ఇచ్చిందన్న విషయంలో ఇద్దరి లెక్క ఒకటి కాకపోవడం వల్ల ఈ తగాదా తెగదు.

ప్రోనోటు

అప్పు మాటకు ప్రోనోటు ప్రామాణిక రూపం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం నాలుగో సెక్షను దీన్ని నిర్వచిస్తుంది. షరతులు లేకుండా నిర్దిష్ట మొత్తం చెల్లిస్తానని రాసి సంతకం చేసిన పత్రం అది. నూటికి నెలకు ఇంత అని వడ్డీ రాసి, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం లేదా వేలిముద్ర పెట్టి, సాక్షులిద్దరి చేత సంతకం చేయించడం ఆచారం. సాక్షులు ఉండాలని చట్టం పట్టుబట్టదు. అయినా సాక్షి లేని నోటును ఊళ్లో ఎవరూ గట్టిదని ఒప్పుకోరు.

మూడేళ్లు దాటితే బాకీ కాలదోషం పడుతుంది. అందుకే గడువు దగ్గర పడుతుండగా అప్పు ఇచ్చినవాడు కొంత డబ్బైనా కట్టించుకొని నోటు వెనుక చెల్లు రాయించుకుంటాడు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల లెక్క మొదలవుతుంది. ఖాళీ నోటు మీద సంతకం తీసుకోవడం ఈ వ్యవస్థలోని పెద్ద రోగం. స్టాంపు ఉన్న అసంపూర్ణ పత్రాన్ని పూరించుకునే అధికారాన్ని చట్టం ఆ పత్రం చేతిలో ఉన్నవాడికి ఇస్తుంది కాబట్టి, సంతకం చేసినవాడు తాను ఎంతకు మాట ఇచ్చాడో తనకే తెలియని స్థితిలో పడతాడు.

మగ్గం (మాచాని సోమప్ప, సహకార సంఘం కూడా చూడండి)

ఎమ్మిగనూరు నేతలో నూలు ఒకరిది, మగ్గం ఒకరిది. మాస్టర్ వీవరు నూలు, డిజైను ఇచ్చి, ముందుగా కొంత బాకీ కూడా ఇస్తాడు. బాకీ తీరేదాకా మరొకరికి నేయనన్నది నేతగాడి మాట. బాకీ తీరడం అరుదు. ఈ కట్టును సడలించే ప్రయత్నంగా మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. సంఘం నూలు ఇచ్చి, గుడ్డ తీసుకొని, కూలి చెల్లించి, అమ్మకం బాధ్యత తానే పెట్టుకుంది. ఒక షావుకారుకు ఇచ్చిన మాట స్థానంలో సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్లు దూరదేశాలకు పోయాయి. సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. మరమగ్గాల పోటీతో తర్వాతి దశాబ్దాల్లో సంఘం వెలుగు తగ్గింది.

సుగ్గి

పంట కోతల కోసం ఊరు వదిలి పోవడాన్ని ఈ వైపు సుగ్గికి పోవడం అంటారు. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందని మెట్ట ఊళ్ల నుంచి కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు వెళతాయి. కట్టడం పనులకు బెంగళూరు పోయేవారూ ఉన్నారు.

సుగ్గి మొత్తం మేస్త్రీ మాట మీద నడుస్తుంది. మిరప రైతు మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తాడు. మేస్త్రీ దాన్ని కూలీల ఇళ్లకు పంచుతాడు. ఫలానా తేదీకి లారీ ఎక్కుతామని వారు ఒప్పుకుంటారు. అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో కాన్పు వచ్చినా, ముసలివాళ్లు మంచాన పడ్డా లారీ ఆగదు. అవతల మేస్త్రీ చెప్పిన కూలి, అక్కడ దక్కిన కూలి ఒకటి కాకపోతే అడిగే చోటు కూలీలకు లేదు. రాష్ట్రాంతర వలస కార్మికుల కోసం వచ్చిన 1979 చట్టం రాష్ట్రం దాటి పోయేవారికే ఉద్దేశించినది. కర్నూలు నుంచి గుంటూరుకు పోయే కూలి దాని పరిధిలోకి వచ్చేవాడు కాదు. అప్పు తీరేదాకా పనిచేయాలన్న ఒప్పందాలను 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చెల్లకుండా చేసింది. అయినా అడ్వాన్సు తీసుకొని పోకపోవడాన్ని ఊళ్లో మాట తప్పడంగానే చూస్తారు, తప్పినవాడిని మరుసటి ఏడు ఏ మేస్త్రీ పిలవడు. తల్లిదండ్రుల వెంట పిల్లలు పోవడం వల్ల సంక్రాంతి తర్వాత బడులు ఖాళీ అవుతాయి. వారు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

పెళ్లిమాట, బసివి

తాంబూలాలు మార్చుకోవడంతో పెళ్లిమాట బహిరంగమవుతుంది. మేనరికం ఉన్న కుటుంబాల్లో ఆడపిల్ల పుట్టగానే మేనమామకో, మేనబావకో ఇస్తామని అనుకోవడం నిన్నమొన్నటిదాకా మామూలు. పిల్లకు ఊహ తెలియకముందే పెద్దలు ఇచ్చిన ఈ మాటలు బాల్యవివాహాలకు ఒక కారణమయ్యాయి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లు నిండాలి.

ఒకరి మొక్కును మరొకరి జీవితంతో తీర్చడానికి తీవ్రమైన ఉదాహరణ బసివి ఆచారం. పాత బళ్లారి జిల్లాలో, దానిలో భాగంగా ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాల్లో, మగసంతానం లేని ఇళ్లవారు గాని, జబ్బు నయమైతే అని మొక్కుకున్నవారు గాని ఆడపిల్లను దేవుడికి వదిలేవారు. ఆమెకు పెళ్లి ఉండదు. కొడుకులాగా ఆస్తి దక్కవచ్చు. ఆచరణలో చాలామంది ఊరి పెత్తందార్ల లైంగిక దోపిడీకి గురయ్యారు. దళిత కుటుంబాల ఆడపిల్లలే దీనికి ఎక్కువగా బలయ్యారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిరోధక చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1988లో మరో చట్టం తెచ్చి, దేవుడికి అంకితం చేసే తంతును నేరంగా ప్రకటించింది. దైవానికి ఇచ్చిన మాట తప్పితే కీడు జరుగుతుందన్న భయం వల్ల ఈ ఆచారాన్ని మాన్పించడం అధికారులకూ, కార్యకర్తలకూ చాలా కష్టమైంది.

చట్టంలో వాగ్దానం

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఒకరి ప్రతిపాదనకు ఎదుటివారు సమ్మతి తెలిపితే అది వాగ్దానం. దానికి ప్రతిఫలం తోడైతే ఒడంబడిక. చట్టం అమలు చేయదగినదైతే ఒప్పందం. ప్రతిఫలం లేని ఒడంబడిక సాధారణంగా చెల్లదు. 25వ సెక్షను మూడు మినహాయింపులు ఇస్తుంది. దగ్గరి బంధువుల మధ్య ప్రేమాభిమానాలతో రాసి రిజిస్టరు చేసినది, గతంలో ఇష్టపూర్వకంగా చేసిన మేలుకు పరిహారంగా ఇచ్చిన మాట, కాలదోషం పట్టిన బాకీ కడతానని రాసి సంతకం చేసినది చెల్లుతాయి. నోటిమాట ఒప్పందం కూడా చట్టం దృష్టిలో ఒప్పందమే. రుజువు చేయడమే కష్టం. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లో మొహొరీ బీబీ కేసులో చెప్పింది.

ఊరి తేరుకో, మసీదుకో చందా రాయించి ఎగ్గొట్టేవారి విషయంలో రెండు పాత తీర్పులు పక్కపక్కన చదవదగినవి. హౌరా టౌన్‌హాల్‌కు వంద రూపాయలు రాయించిన వ్యక్తి ఇవ్వకపోతే, ఆ మాట నమ్మి కట్టడం పనికి ఒప్పందం చేసుకున్నారు కాబట్టి ఇవ్వాల్సిందేనని కలకత్తా హైకోర్టు 1886లో తేల్చింది. మసీదు మరమ్మతుకు చందా ఇస్తానన్నవారి మీద వేసిన దావాను అలహాబాదు హైకోర్టు 1914లో కొట్టేసింది. అక్కడ ఆ మాట నమ్మి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేదు. ప్రభుత్వం ఇచ్చిన మాటను నమ్మి నష్టపోయినవారికి మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దారి చూపింది. పన్ను మినహాయింపు ఇస్తామని చెప్పి పరిశ్రమ పెట్టించాక వెనక్కు తగ్గడం కుదరదన్నది దాని సారం. పెళ్లి చేసుకుంటానని మోసగించి శారీరక సంబంధం పెట్టుకోవడాన్ని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను కింద ప్రత్యేక నేరం చేశారు.

తాత్విక చర్చ

మాటకు కట్టుబడే బాధ్యత ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, మనుషులు పరస్పర ప్రయోజనం కోసం ఏర్పరచుకున్న ఆచారం నుంచి అని జవాబిచ్చాడు. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా ఇచ్చే మాటను అందరికీ నియమంగా చేస్తే వాగ్దానమనేదే మిగలదని 1785లో జర్మను తత్వవేత్త కాంట్ వాదించాడు. మాట ఇస్తున్నాను అనడం వార్త చెప్పడం కాదని, ఆ పలకడమే ఒక పని అని ఇరవయ్యో శతాబ్దంలో జె.ఎల్. ఆస్టిన్ వివరించాడు. ఆదోని ప్రాంతపు ఆచారం హ్యూమ్‌కు, ఆస్టిన్‌కు దగ్గరగా ఉంటుంది. కాంట్ కోరిన లోపలి సంకల్పాన్ని ఇక్కడి దలారి గాని, మేస్త్రీ గాని ఎప్పుడూ పరీక్షించరు.

విడుదల

ఒట్టును తీసి గట్టున పెట్టమనడం తెలుగునాట అందరికీ తెలిసిన విడుదల పద్ధతి. ఎవరికి ఒట్టు పెట్టారో వారే తీసేయాలి. మొక్కు విషయంలో రూపం మార్చుకోవచ్చు. కాలినడకన వస్తానన్నవారు నడవలేని స్థితిలో పడితే పూజారిని అడిగి తప్పు డబ్బు కట్టి బండిలో వస్తారు. బేరంలో బయానా వదులుకోవడమే విడుదల.

ఇచ్చిన మాట పాటిస్తే ఘోరం జరిగే సందర్భానికి తిక్కన తెలుగు చేసిన కర్ణపర్వంలోని ఘట్టం ప్రసిద్ధం. గాండీవాన్ని మరొకరికి ఇచ్చెయ్యమన్నవారిని చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. యుద్ధంలో నొచ్చుకున్న ధర్మరాజే ఆ మాట అంటాడు. అర్జునుడు కత్తి తీస్తాడు. పెద్దవారిని అగౌరవంగా మాట్లాడడం చంపడంతో సమానమని కృష్ణుడు చెప్పి, అన్నను మాటలతో తూలనాడించి ప్రతిజ్ఞను చెల్లు చేస్తాడు. హరిశ్చంద్రుడి కథను ఆదర్శంగా చెప్పుకునే సమాజమే ఈ ఘట్టాన్ని కూడా పక్కన పెట్టుకుంది.

ప్రాంతీయ ఒడంబడికలు (శ్రీబాగ్ ఒడంబడిక కూడా చూడండి)

రాయలసీమ రాజకీయాల్లో వాగ్దానమంటే ముందుగా గుర్తుకువచ్చేది 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడిక. ఆంధ్ర రాష్ట్రం కోసం సీమ నాయకులు కలిసిరావడానికి కోస్తా నాయకులు ఇచ్చిన హామీలవి. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీటి వాడకంలో సీమకు ప్రాధాన్యం, రాజధాని గాని హైకోర్టు గాని సీమ కోరుకున్నట్లు ఉండడం వాటిలో ముఖ్యమైనవి. ఒప్పుకున్నవారు నాయకులు, కట్టుబడవలసినది ఇంకా పుట్టని రాష్ట్రం. అందువల్ల దానికి చట్టబద్ధత లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి ఆంధ్రకు వచ్చాయి. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పాటుతో రాజధాని హైదరాబాదుకు మారింది. అప్పటి నుంచి శ్రీబాగ్ పేరు ప్రతి ఉద్యమంలో వినిపిస్తూనే ఉంది. నీటి విషయంలో, తుంగభద్ర దిగువ కాలువకు కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆంధ్రకు 24 టీఎంసీలు కేటాయించింది. ఆయకట్టు చివరి ఊళ్లకు అంత నీరు అందడం లేదన్నది ఏళ్లనాటి ఫిర్యాదు. 2020లో మూడు రాజధానుల చట్టం కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొంది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని ఉపసంహరించారు. 2024 నవంబరు 21న కర్నూలులో హైకోర్టు బెంచి ఏర్పాటు కోరుతూ శాసనసభ తీర్మానం చేసింది.